కాలు తీసే ముందు కల్చర్ రిపోర్టు ఏది?

జంషెడ్‌పూర్‌లో షుగరు ఉన్న కూలిమనిషి కాలికి పుండు పడితే ఆసుపత్రి చేరేలోపు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతాడో మా బస్తీల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ముందు ఇంట్లో పసుపు పెడతారు. తగ్గకపోతే మందుల షాపులో రెండు రోజులకు సరిపడా బిళ్లలు కొంటారు. తర్వాత బస్తీలో ఇంజెక్షన్ వేసే డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్తారు. చేతిలో డబ్బు అయిపోయాక సర్కారీ ఆసుపత్రి. ఆ ఆఖరి గుమ్మం చేరేసరికి పుండులో ఉన్న క్రిమి నాలుగైదు రకాల యాంటీబయాటిక్స్ రుచి చూసి, వాటిలో చాలావాటిని తట్టుకోవడం నేర్చుకుని ఉంటుంది. మందు పని చేయడం లేదు, కాలు తీయాలి అంటారు.

దీన్ని వైద్యులు యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే, క్రిమి మందుకు లొంగకపోవడం. ప్రతి ఏటా నవంబరులో దీని మీద అవగాహన వారం జరుపుతారు. పోస్టర్లు వేస్తారు. ఆ పోస్టర్లన్నీ రోగికే బుద్ధి చెబుతాయి: సొంతంగా మందులు వాడొద్దు, కోర్సు మధ్యలో ఆపొద్దు. మాట తప్పు కాదు. కానీ కోర్సు ఎందుకు ఆగింది, డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదు అని ఏ పోస్టరూ అడగదు. ఆ ప్రశ్న అడగకపోతే ఈ జబ్బు అర్థం కాదు. మందుకు లొంగని క్రిమి ఎవరి కాలిలో పడుతుంది, ఎవరి కాలు పోతుంది అన్నది ఈ దేశంలో చాలావరకు కులం, కూలి, గుడిసె నిర్ణయిస్తున్నాయి. నేను ఈ సంపాదకీయంలో చెప్పదలచింది ఇదే.

నేను ఈ ఊళ్లో పుట్టిన మూడో తరం తెలుగు దళితుణ్ణి. సాక్చీ ఆదివాసీ గ్రామం ఉన్న చోట 1908లో ఉక్కు కర్మాగారం పని మొదలైనప్పటి నుంచి ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. మా తాత కూడా అలా వచ్చినవాడే. కంపెనీ పర్మినెంటు ఉద్యోగి అయినవాడికి క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి దొరికాయి. కానివాడికి బస్తీ మిగిలింది. వందేళ్లు దాటినా ఈ ఊళ్లో అసలు గీత అదే.

మొద్దుబారిన పాదం

షుగరు జబ్బు కాలి మీద రెండు వైపుల నుంచి దాడి చేస్తుంది. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు వస్తాయి. తర్వాత స్పర్శే పోతుంది. మేకు దిగినా, నిప్పు తగిలినా తెలియదు. రెండోది, రక్తనాళాలు సన్నబడతాయి. పుండు మానడానికి కావలసిన రక్తం అందదు. మనం మింగిన యాంటీబయాటిక్ కూడా రక్తంతోనే ప్రయాణించాలి కదా. రక్తం చేరని చోటికి మందూ చేరదు. చేరిన కొద్దిపాటి మందు క్రిమిని చంపదు, దానికి శిక్షణ ఇస్తుంది.

షుగరు ఉన్నవాళ్లలో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు వస్తుందని 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. ఆ పుండ్లలో సగానికి పైగా చీము పడతాయి. ఇన్ఫెక్షన్ ముదిరినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి వేలో, పాదమో, కాలో తీయాల్సి వస్తుంది. ఇప్పుడు మన దేశం లెక్క చూడండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది. ఇది బాగా తిని కూర్చునేవాళ్ల జబ్బు అనే మాట ఎప్పుడో పాతబడింది. రేషను బియ్యం తప్ప పళ్లేనికి వేరే ఏదీ రాని ఇళ్లలో, రాత్రి షిఫ్టులు చేసే ఒళ్లల్లో అది నిండా ఉంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను కూడా ఈ జబ్బే కుంగదీసింది. 1940ల చివరినాటికి ఆయనకు కాళ్లలో నరాల నొప్పులు, నిద్రలేమి. ఇన్సులిన్ తీసుకుంటూనే రాజ్యాంగ ముసాయిదా పని చేశారు. 1948 ఏప్రిల్‌లో ఆయన పెళ్లి చేసుకున్న డాక్టర్ శారదా కబీర్ స్వయంగా వైద్యురాలు. ఆయనకు పక్కనే వైద్యం ఉంది. ఆయన ఎవరి కోసం పోరాడారో ఆ జనానికి ఈనాటికీ లేదు.

జబ్బు ఒకటే అయినా పని వేరు. ఆఫీసులో కూర్చునే మనిషి పాదం రోజంతా మెత్తని బూటులో ఉంటుంది. ఇళ్లు కట్టే చోట ఇటుకలు మోసే రేజా పాదం రబ్బరు చెప్పులో సిమెంటు మీద నడుస్తుంది. మే నెలలో జంషెడ్‌పూర్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కాలుతున్న రేకు మీదో తారు మీదో స్పర్శ లేని కాలు ఆనితే బొబ్బ ఎక్కుతుంది, ఆ సంగతి ఆమెకు సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు గానీ తెలియదు. మురుగు కాలువ తీసే పారిశుధ్య కార్మికుడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

పుండులో ఎవరున్నారు?

పాశ్చాత్య దేశాల పుస్తకాలు షుగరు పుండులో ప్రధానంగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఉంటుందని చెబుతాయి. మన వంటి వేడి దేశాల్లో లెక్క వేరుగా ఉంటుంది. ఇక్కడ సూడోమోనాస్, ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ వంటి గ్రామ్ నెగటివ్ క్రిములు పెద్ద వాటా ఆక్రమిస్తాయి. చాలాసార్లు ఒకే పుండులో రెండు మూడు రకాలు కాపురం ఉంటాయి. అన్నీ కలిసి పుండు మీద జిగురు పొర అల్లుకుంటాయి. దాన్ని బయోఫిల్మ్ అంటారు. పాచి పట్టిన బండ మీద నీళ్లు జారిపోయినట్టు ఆ పొర మీద నుంచి మందు జారిపోతుంది. అందుకే చచ్చిన కండను కత్తిరించి శుభ్రం చేయకుండా ఎంత ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చినా ఫలితం ఉండదు.

క్రిమి మందును ఎదిరించే పద్ధతులు మన ఊరి తగాదాల్లాగే ఉంటాయి. కొన్ని మందును కోసేసే ఎంజైములు తయారు చేస్తాయి. ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములు సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులను ముక్కలు చేస్తాయి. ఎన్‌డీఎం అనే ఎంజైము ఇంకా పెద్ద మందైన మెరోపెనెంనూ కోసేస్తుంది. కొన్ని క్రిములు లోపలికి వచ్చిన మందును తోడి బయట పోస్తాయి. అన్నిటికంటే ప్రమాదం, ఈ విద్యను ఒక క్రిమి వేరే జాతి క్రిమికి కూడా చిన్న జన్యు ముక్క రూపంలో అందించగలదు. మనుషులు కులం చూసి నీళ్లు పోస్తారేమో గానీ క్రిములు తమ విద్యను ఏ కట్టుబాటూ లేకుండా పంచుకుంటాయి.

మెరోపెనెం కూడా పని చేయకపోతే కొలిస్టిన్ వంటి పాత మందు తీస్తారు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. షుగరు ముదిరిన రోగి మూత్రపిండాలు అప్పటికే సగం పాడై ఉంటాయి. కాలా, కిడ్నీయా అన్న చోటికి వైద్యం వచ్చి ఆగుతుంది.

అందుకే ఏ మందు పని చేస్తుందో ముందే తెలుసుకోవాలి. దానికి ఉన్న దారి కల్చర్ పరీక్ష. పుండును కడిగి, పైనున్న కుళ్లు తీసి, లోపలి కండ ముక్కను ప్రయోగశాలకు పంపాలి. పైపైన దూదిపుల్లతో రుద్ది పంపితే చర్మం మీద ఊరికే ఉన్న క్రిములు కూడా వస్తాయి, అసలు దొంగ దొరకడు. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. ఈ క్రిమికి ఈ మందు పని చేస్తుంది, ఈ మందు చేయదు అని అందులో వరసగా రాసి ఉంటుంది. చీము లేని, ఎర్రబడని, వాపు లేని పుండుకు అసలు యాంటీబయాటిక్ ఇవ్వొద్దని డయాబెటిక్ ఫుట్ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. మన దగ్గర జరిగేది సరిగ్గా తలకిందులు. అక్కర్లేని పుండుకు మందు ముందే పడుతుంది, అవసరమైన పుండుకు పరీక్ష ఆఖరికి కూడా పడదు.

మా మేనమామ ఒక కాంట్రాక్టరు కింద పని చేసేవాడు. బొటనవేలి కింద ఆనె పగిలి పుండైంది. మూడు వారాల్లో మూడు చోట్ల మూడు రకాల ఇంజెక్షన్లు పడ్డాయి. ఒక్కచోట కూడా కండ ముక్క పరీక్షకు పంపలేదు. ఆఖరికి చేర్చిన ఆసుపత్రిలో పంపారు, కానీ రిపోర్టు వచ్చేనాటికి మోకాలి కింద కాలు తీసేసి రెండు రోజులైంది. రిపోర్టులో ఒక మందు పని చేస్తుందని ఉంది. ఆ మందు ఆయనకు ముందే ఇచ్చి ఉంటే కాలు దక్కేదా అంటే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆ అవకాశం ఆయనకు దక్కలేదన్నది మాత్రం ఖాయం. ఆయన గేట్ పాస్ కూడా ఆ నెలతోనే పోయింది.

కోతకు డబ్బుంది, కాపాడడానికి లేదు

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాను ప్రధాని 2018 సెప్టెంబరు 23న మా రాష్ట్ర రాజధాని రాంచీలోనే ప్రారంభించారు. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం. గొప్ప మాటే. కానీ ఇది ఆసుపత్రిలో చేరినవాడికి ఇచ్చే బీమా. చేరకముందు 3 రోజులు, ఇంటికి పంపాక 15 రోజుల ఖర్చు మాత్రమే దీనిలోకి వస్తుంది. షుగరు పుండు ఎముకదాకా పోతే, ఎముక తీయకుండా నయం చేయాలంటే ఆరు వారాలపాటు యాంటీబయాటిక్ వాడాలని అదే అంతర్జాతీయ మార్గదర్శకం చెబుతుంది. 15 రోజులకూ ఆరు వారాలకూ మధ్య ఉన్న నాలుగు వారాల మందు ఎవరు కొనాలి? ఆ నాలుగు వారాలు పనికి వెళ్లకుండా, పాదం మీద బరువు పెట్టకుండా ఎవరు కూర్చోగలరు? రోజు కూలీ ఇంట్లో మందు అక్కడే ఆగుతుంది. పోస్టర్ భాషలో దాన్నే "కోర్సు మధ్యలో ఆపేయడం" అంటారు.

తెలుగు రాష్ట్రాల్లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆపరేషన్లు, అడ్మిషన్ల చుట్టూ అల్లిన పథకమే. కాలు తీయడానికి ప్యాకేజీ ఉంటుంది. ప్రతి మూడు నెలలకు పాదం చూడడానికి, ఆనె తీయడానికి, మెత్తని చెప్పు కుట్టించడానికి ప్యాకేజీ ఉండదు. నేను చూసిన ఆరోగ్య శిబిరాల్లో వేలికి సూది గుచ్చి షుగరు చూస్తారు, కాగితం చేతికిస్తారు. చెప్పులు విప్పించి పాదం చూడడం చాలా అరుదు. నైలాన్ పోగు ఒకటి పాదానికి ఆనించి స్పర్శ ఉందో లేదో ఒక ఆశా కార్యకర్త కూడా చూడగలదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే ఆ పోగు ఖర్చు, తీసేసిన కాలు ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

పాదం చూడడంలో కులం అడ్డు రాదనుకోవద్దు. ఒక మనిషి మురికి పాదాన్ని చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య చూసి, పుండు వాసన భరించి కడగాలంటే ఆ మనిషి మీద గౌరవం ఉండాలి. పాదాన్ని శరీరంలో తక్కువ భాగంగా, పాదాల నుంచి పుట్టారన్నవాళ్లను తక్కువ జాతిగా చూసిన సంస్కృతి ఇది. పుండు కడిగే పని వార్డు బాయ్‌కి, ఆయాకు వదిలేస్తారు. ఆ వార్డు బాయ్ ఎవరు, ఆయా ఎవరు అని మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక హక్కు సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికుడికి మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజులదాకా జీతంలో 70 శాతం వస్తుంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నవాటికి 80 శాతం చొప్పున రెండేళ్లదాకా వచ్చే వీలుంది. ఆ జాబితాలో డయాబెటిక్ ఫుట్ ఉంది. రెండేళ్లు వరుసగా బీమా కింద పని చేసి ఉండాలి, చందా జమై ఉండాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లే దీని కిందికి వస్తారు, కాంట్రాక్టు కార్మికుల్లో చాలామంది ఆ లోపే. కానీ కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త కార్డు రాయించడం, కోసుకున్న చందా జమ చేయకపోవడం వల్ల కాగితం మీద రెండేళ్లు కనబడవు. ఆదిత్యపూర్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ఎవరి కాలికి పుండుందో వాళ్లు తమ బీమా నంబరు మీద చందా జమ అవుతోందో లేదో ఈ వారమే చూసుకోవాలి. యూనియన్లు చూపించాలి.

ఈ ఈఎస్‌ఐ దయాధర్మం కాదు. 1948లో వచ్చిన ఆ చట్టానికి పునాది ప్రొఫెసర్ అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక. అది తయారైన కాలంలో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినవారు బాబాసాహెబ్. జబ్బుపడిన కార్మికుడు ఆకలితో పనికి పరుగెత్తకూడదన్న ఆలోచన ఆ చట్టానికి ప్రాణం. పుండు మానాలంటే విశ్రాంతి కావాలి, విశ్రాంతికి జీతం కావాలి. వైద్యశాస్త్రం, కార్మిక చట్టం ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి.

చెప్పుల చరిత్ర

షుగరు పాదాన్ని కాపాడే మొదటి మందు బిళ్ల కాదు, చెప్పు. మన ఊళ్లలో చెప్పు చరిత్ర మనకు తెలుసు. తోలు శుద్ధి చేసి, చెప్పులు కుట్టి ఊరందరి కాళ్లు కాపాడిన మాదిగలు పెత్తందారుల వీధిలో నడవాలంటే తమ చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సి వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి ఇంత దూరం వచ్చినవాళ్లలో ఆ అవమానం నుంచి పారిపోయి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇవాళ చెప్పు వేసుకుంటే ఎవరూ కొట్టరు. కానీ సరైన చెప్పు కొనే స్తోమత లేక పాదం పోతోంది.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కుష్ఠు వ్యాధిలో కూడా పాదం మొద్దుబారి పుండ్లు పడతాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల మీద పని చేసి, ఆ పుండ్లకు అసలు కారణం నొప్పి తెలియకపోవడమేనని చూపించారు. తర్వాత అమెరికాలో ఆ పాఠాన్నే షుగరు పాదాలకు అన్వయించారు. మొద్దుబారిన పాదాలకు తయారుచేసే మెత్తని ఎంసీఆర్ చెప్పులను మన జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అంటే చెప్పు ఉంది, కుట్టేవాళ్లున్నారు, పంచే ఏర్పాటుంది. అదే చెప్పును స్పర్శ పోయిన షుగరు రోగికి ఎందుకు ఇవ్వరు? పుండే పడకపోతే యాంటీబయాటిక్ అవసరమే రాదు. రెసిస్టెన్స్‌ను ఆపే చవకైన ఆయుధం ఆ చెప్పే.

మురుగులో తయారైన శత్రువు

రోగి తప్పు వల్లే క్రిములు మొండివి అవుతున్నాయని చెప్పేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, మన హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ నీళ్లు వాగుల్లోకి పోతాయి. ఒక పేదవాడు రెండు బిళ్లలు తక్కువ మింగాడని నింద వేసే దేశం, వాగుకు వాగే మందు తాగుతుంటే ఏం చేసింది? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి.

రెండోది, ఢిల్లీ. ఎన్‌డీఎం ఎంజైము జన్యువును 2011లో ఢిల్లీ వీధి నీటిలో వెతికారు. 171 మురుగు నీటి నమూనాల్లో 51లో, 50 కుళాయి నీటి నమూనాల్లో 2లో దొరికింది. దానికి ముందు ఏడాదే ఆ ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టారని, దేశం పరువు పోయిందని ప్రభుత్వం కోప్పడింది. పేరు మీద ఉన్న పట్టింపు మురుగు మీద లేదు. ఆ మురుగులో దిగేవాళ్లు ఎవరు? 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా ఎవరినీ మురుగులోకి దింపకూడదంటుంది. బూట్లు లేకుండా దిగిన సఫాయి కార్మికుడికి షుగరు ఉండి, పాదం మీద చిన్న చీలిక ఉంటే చాలు. అతను జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ బిళ్ల వాడకపోయినా మందుకు లొంగని క్రిమి అతని కాలిలోకి రాగలదు.

లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది నేరుగా ఈ మొండి క్రిముల వల్లే చనిపోయారు. మన దేశంలో ఐసీఎంఆర్ నిఘా సమాచారం ప్రధానంగా పెద్ద బోధనాసుపత్రుల ప్రయోగశాలల నుంచి వస్తుంది. కల్చర్ పరీక్షే జరగని బస్తీ పుండు ఆ లెక్కల్లోకి రాదు. లెక్కలో లేని జనానికి బడ్జెట్‌లోనూ చోటుండదు. కుల గణన గురించి మనం చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది.

ఎవరిని అడగాలి?

జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్న మరీ కష్టం. ఇంత పెద్ద ఊరికి ప్రజలు ఎన్నుకున్న మునిసిపాలిటీ లేదు. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. లీజు ప్రాంతంలో నీళ్లు, రోడ్లు, చెత్త కంపెనీ అనుబంధ సంస్థ చూస్తుంది. చుట్టూ ఉన్న 86 బస్తీల వాళ్లు ఇంటి స్థలం హక్కు కోసమే దశాబ్దాలుగా తిరుగుతున్నారు. వీధి చివర కాలువ పొంగితే నిలదీయడానికి వార్డు సభ్యుడు లేడు. పేదలకు మిగిలింది ఎంజీఎం ఆసుపత్రి. సాక్చీలోని దాని పాత భవనంలో 2025 మే నెలలో వార్డు ఉన్న భాగం కూలి రోగులే చనిపోయారు. దిమ్నాలో కొత్త భవనం వచ్చింది. కొత్త గోడలు సంతోషమే. ఆ గోడల లోపల పాదాల క్లినిక్కు, రోజంతా పనిచేసే మైక్రోబయాలజీ ప్రయోగశాల ఉంటేనే అవి రోగికి పనికొస్తాయి.

వైద్యం అందించడం ప్రభుత్వం ఇష్టాయిష్టాల మీద ఉండే పని కాదు. పక్కనున్న పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిన కేసులో, సమయానికి వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చి చెప్పింది. నా వాదన ఒక్క అడుగు ముందుకు వేస్తుంది. ఏ మందు పని చేస్తుందో తెలుసుకోకుండా గుడ్డిగా మందులు మార్చి కాలు కోసేయడం కూడా వైద్యం నిరాకరించడమే.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. షుగరు మందు ఇచ్చే ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఏడాదికి ఒక్కసారైనా చెప్పులు విప్పించి పాదం చూడాలి, ఫలితం కార్డు మీద రాయాలి. చీము పట్టిన ప్రతి షుగరు పుండుకు కల్చర్ పరీక్ష ఉచితంగా జరగాలి, నమూనా జిల్లా ప్రయోగశాలకు చేర్చే బాధ్యత ఆసుపత్రిదే కావాలి, రిపోర్టు నకలు రోగి చేతికి ఇవ్వాలి. ప్రాణాపాయం లేని చోట కల్చర్ రిపోర్టు, కాలి రక్తప్రసరణ పరీక్ష చూడకుండా కాలు తీసే నిర్ణయం జరగకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సర్జన్ ఆగనక్కర్లేదు, కానీ ఎందుకు ఆగలేదో కేస్ షీట్‌లో రాయాలి. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జ్ తర్వాతి మందుల గడువును ఎముక ఇన్ఫెక్షన్‌కు ఆరు వారాలు చేయాలి. కుష్ఠు కార్యక్రమంలో ఇచ్చే ఎంసీఆర్ చెప్పు స్పర్శ పోయిన షుగరు రోగికీ ఇవ్వాలి. పారిశుధ్య కార్మికులందరికీ బూట్లు, ఏటా పాదాల పరీక్ష, ఈఎస్‌ఐ తప్పనిసరి చేయాలి.

మందుల షాపుల మీద అదుపు కూడా కావాలి. పెద్ద యాంటీబయాటిక్స్‌ను షెడ్యూల్ హెచ్1లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినవి రిజిస్టరులో రాయాలని పెట్టిన నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. కేరళ 2018లోనే రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక తెచ్చి, తర్వాత షాపుల మీద తనిఖీలు పెంచింది. కానీ కేరళలో షాపు పక్కన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పని చేస్తుంది. డాక్టరే లేని బస్తీలో షాపుకు ఒక్కదానికే తాళం వేస్తే పేదవాడికి ఉన్న ఒక్క గుమ్మమూ మూసినట్టు అవుతుంది. షాపు మీద తనిఖీ, బస్తీలో డాక్టరు రెండూ ఒకే రోజు రావాలి.

మన సంఘాలు కూడా ఒక పని చేయొచ్చు. ఏప్రిల్ 14న, డిసెంబరు 6న ఊరూరా కూడుతాం. రక్తదాన శిబిరాలు పెడతాం. ఈసారి వాటి పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక నైలాన్ పోగు, తెలిసిన ఒక నర్సు ఉండేలా చూడండి. వచ్చినవాళ్ల చెప్పులు విప్పించి పాదాలు చూడండి. స్పర్శ లేనివాళ్ల పేర్లు రాసి, ఆ జాబితాతో సివిల్ సర్జన్ ఆఫీసుకు వెళ్లండి. అడిగేవాడు లేడు కాబట్టే ఇన్నాళ్లు కాళ్లు పోయాయి. చదువుకోండి, సంఘటితం కండి, పోరాడండి అని చెప్పిన మనిషి వారసులం మనం. మహద్ చెరువుకు నడిచి వెళ్లిన జనం మనం. నడవడానికి కాళ్లుండాలి.

జై భీమ్.